మైకక్క మానేసిన మాట

బస్టాండులో అనౌన్స్‌మెంట్ల గది ఎక్కడని అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేరు. మైకక్క గది ఎక్కడంటే మాత్రం టీ కొట్టాయన దగ్గర్నుంచి గేటు దగ్గరి కాపలాదారు దాకా అందరి చేతులూ ఒకేవైపు లేస్తాయి. మెట్ల కింద, సామాన్ల గదికీ టికెట్ల కిటికీకీ మధ్య ఇరుక్కున్న గది అది. ఒక బల్ల, ఒక కుర్చీ, మెడ వంచిన కొంగలాంటి మైకు, ప్లాట్‌ఫారాల వైపు తెరుచుకునే చిన్న కిటికీ. ఎండాకాలం లోపల కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. ఫ్యాను గరగర మైకులో పడుతుంది కాబట్టి నోరు తెరిచేముందు ఫ్యాను కట్టెయ్యడం, చెప్పడం అయ్యాక వేసుకోవడం ఆమెకు కనురెప్ప వేసినంత అలవాటు.

ఆమెకు రెండు పట్టింపులుండేవి. మొదటిది, కంటపడని బస్సును నోట పెట్టదు. బస్సొస్తోందని డిపో నుంచి ఫోనొచ్చినా సరే, కిటికీలోంచి మెడ బయటికి పెట్టి, గేటు మలుపులో బస్సు ముక్కు కనిపించాకే మైకు నొక్కేది. అందుకే ఆమె చెప్పిందంటే జనం మూటలెత్తుకుని లేచేవాళ్ళు. కండక్టరునైనా ఇంకోసారి అడిగేవాళ్ళు కాదు. రెండోది, ప్రతి ప్రకటన చివరా ‘భద్రంగా వెళ్ళి రండి’ అనడం. పైవాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఆ మాట లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మం దాకా సాగనంపుతున్నట్టు నోటివెంట వచ్చేసింది, ఉండిపోయింది. ఒక సూపర్‌వైజరు “ఇదేమన్నా మీ పుట్టిల్లా?” అని కసిరి మాన్పించాడు. వారం తిరక్కుండానే ప్రయాణికులు ఆయన గదికే వెళ్ళి, “ఆవిడకి ఒంట్లో బాలేదా ఏంటండీ?” అని వాకబు చెయ్యడం మొదలుపెట్టారు. ఆయనే వచ్చి, “సర్లేమ్మా, అనుకో, నా ప్రాణం తియ్యకుండా,” అన్నాడు.

పగలంతా చప్పుడులో ఉండే మనిషికి ఇంటి దగ్గరా చప్పుడే. బ్యాటరీలు బాగుచేసే షాపు మీద రెండు గదుల అద్దె వాటా. అన్న పోయినప్పటినుంచి వదినా తనూ అందులోనే ఉంటున్నారు. వదిన సంచులు కుడుతుంది. కింద సుత్తి, పైన కుట్టుమిషను. మైకక్కకున్న కోరికల్లా ఒక్కటే, కిటికీ తెరిస్తే ఏ మోతా వినపడని సొంత ఇల్లు. “ఆ ఇంట్లో నేను నోరు తెరవను వదినా, సైగలే,” అనేది. “నువ్వా? గోడలకి కూడా బస్సు టైములు చెప్తావు,” అనేది వదిన.

ఆ ఇంటి కోసం కూడబెట్టిందంతా బస్టాండుకు ఎదురుగా ఉన్న పొదుపు కంపెనీలో వేసింది. దాని మేనేజరు రోజూ టీకి వచ్చేవాడు. ‘అక్కా’ అన్న పిలుపు ముందు, మనిషి వెనక. నవ్వితే బుగ్గలు పైకి లేచి కళ్ళు మూసుకుపోయేవి. వెయ్యాలా వద్దా అని ఆమె తటపటాయిస్తున్న రోజుల్లో, “మా అమ్మ డబ్బు కూడా ఇందులోనే ఉందక్కా. అమ్మ నోటి దగ్గర కూడు తీసే కొడుకునా నేను?” అన్నాడు. ఆ మాటతో ఆమె మనసు కుదుటపడింది.

కొన్నాళ్ళకి ఇంకో పని మీద వచ్చాడు.

“అక్కా, ఒక్క ముక్క రికార్డు చేసి పెట్టు. ‘మీ సొమ్ము మా దగ్గర భద్రం.’ అంతే. బండికి మైకు కట్టి తిప్పుతాం.”

“నా గొంతెందుకురా? సినిమావాళ్ళెవరూ దొరకలేదా?”

“వాళ్ళ మొహం చూస్తారక్కా. నీ మాట నమ్ముతారు.”

ఆమె పొంగిపోయింది. ఫ్యాను కట్టేసి, గొంతు సవరించుకుని, బస్సుకు చెప్పినంత శ్రద్ధగా చెప్పింది. పైసా పుచ్చుకోలేదు. ఆ పూట టీ డబ్బులు కూడా తనే ఇచ్చింది. బండి వీధులన్నీ తిరుగుతుంటే, కింద షాపులో సుత్తి ఆగి, “పైనున్న అక్కే!” అని వినపడితే కిటికీ దగ్గర నిలబడి ముసిముసిగా నవ్వుకుంది. మెడ బయటికి పెట్టి చూసుకోకుండా, కంటపడనిదాన్ని నోట పెట్టిన మొదటిసారి అదేనని అప్పుడామెకు తట్టలేదు.

ఆ ఏడాది చివర్లో గడ్డుకాలం వచ్చిపడింది. పెద్దపెద్ద బ్యాంకులే తూలాయి, పొదుపు కంపెనీ ఒక లెక్కా! ఒకరోజు పొద్దున షట్టరు దించినది దించినట్టే ఉండిపోయింది. జనం కాసేపు షట్టరును బాదారు. షట్టరు ఏం చెబుతుంది? తర్వాత మైకు గది కిటికీ దగ్గరికొచ్చారు.

మూటలు మోసే పెద్దాయనొకడున్నాడు, అందరికీ మూటల మామ. తిట్టలేదు, కొట్టలేదు. కిటికీ అంచు పట్టుకుని అడిగాడు.

“మైకక్కా, మా డబ్బులు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తాయో కాస్త చెప్పు తల్లీ. అక్కడే నిలబడతాం.”

వెనక నలుగురు నవ్వారు. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి పోలేదు. నా డబ్బూ పోయిందని చెబుదామని నోరు తెరిచింది గానీ, పోగొట్టుకున్నవాళ్ళకి అదేం ఊరట?

ఇంటికెళ్తే వదిన మిషను ఆపి కూర్చుని ఉంది. సంచులమ్మిన డబ్బు తనకు చెప్పకుండా అందులోనే వేసిందని అప్పుడు తెలిసింది.

“నాతో ఒక్క మాట అనొచ్చుగా వదినా!”

“నిన్ను అడిగేదేముంది? వీధివీధికీ తిరిగి నువ్వే చెబుతుంటివి. కంపెనీని చూసి వెయ్యలేదు నేను. నీ గొంతు విని వేశాను.”

చాన్నాళ్ళ దాకా వదిన ఆమె మొహం చూసి మాట్లాడిన ఆఖరి మాట అదే. ఆ తర్వాత అన్నీ గోడతోనే. “కూర అక్కడ పెట్టాను, తినేవాళ్ళు తినొచ్చు.” “నల్లా వస్తోంది, పట్టుకునేవాళ్ళు పట్టుకోవచ్చు.” మైకక్క కూడా గోడకే బదులు చెప్పేది. మధ్యలో ఆ గోడకి ఇంటి సంగతులన్నీ తెలిసిపోయాయి.

బస్టాండులో ప్రకటనలు మామూలుగానే సాగాయి. చివర్న మాత్రం ‘భద్రంగా’ రాలేదు. ఒట్టి ‘వెళ్ళి రండి’. రెండు మాటల మధ్య పన్ను ఊడినచోటులా ఖాళీ ఉండేది. ఈసారి ఎవరూ వచ్చి ఒంట్లో బాలేదా అని అడగలేదు.

కాలం కాస్త తెరిపిచ్చింది. మూతబడ్డ షాపులు తెరుచుకున్నాయి, కొత్త బస్సులు వచ్చాయి, పేపర్లు అంతా కోలుకుంటోందని రాశాయి. ఎదురుగా ఉన్న షట్టరుకు కొత్త రంగు, పైన కొత్త పేరు. పాత కంపెనీని ఎవరో పెద్దవాళ్ళు కొన్నారట. పోయిన సొమ్ముకు బదులు అందరికీ కొత్త కంపెనీలో వాటాలిచ్చారు. కంపెనీ బాగుపడితే వాటాలకు విలువ. జనం మళ్ళీ డబ్బు తెచ్చి వేస్తేనే కంపెనీకి బాగు. ఎంత తిప్పి చెప్పినా, పోయినదాని కోసం ఇంకొంత తెమ్మనడమే. జనం షట్టరు వైపు చూస్తూ పోతున్నారే గానీ, మెట్టెక్కడం లేదు.

అప్పుడొచ్చాడు మేనేజరు. మనిషి పాతవాడే, చొక్కా కొత్తది.

“అక్కా, బాగున్నావా?”

“బస్సు లేటుగా వచ్చినా క్షమాపణ చెప్తాం. నీకు ఇన్నాళ్ళకు తీరిందా?”

అతను నవ్వేసి, కుర్చీ లేక బల్ల అంచున ఆనుకున్నాడు. “పెద్దవాళ్ళతో మాట్లాడొచ్చానక్కా. నీది మొత్తం వెనక్కిచ్చేస్తారు. వాటాలూ గీటాలూ కాదు, చేతికి డబ్బే. నీ ఇల్లు నువ్వు కొనుక్కో. నాకొక్క ముక్క రికార్డు చేసివ్వు చాలు. ‘ఈసారి నిజంగా భద్రం.’”

“అంటే పోయినసారి ఉత్తుత్తిదేనా?”

“అబ్బా, మాట పట్టుకోకక్కా. కంపెనీ నిలబడితే అందరికీ మంచిదేగా? మీ వదినకి కూడా. నమ్మకం లేకపోతే నేనెందుకు చెప్తాను? ఇప్పుడు మా అమ్మ డబ్బు కూడా ఇందులోనే పెట్టాను.”

మైకక్క ఫ్యాను కట్టేసింది. ప్రకటనేమీ లేదు. సరిగ్గా వినబడాలని.

“ఇప్పుడు పెట్టావా? అప్పుడే ఉందన్నావుగా. అందరిదీ పోయినప్పుడు అమ్మది పోలేదా?”

అతని బుగ్గలు కిందికి జారాయి. “అది... అమ్మకి ఒంట్లో బాలేక ముందే తీశానక్కా.”

“ఎంత ముందు?”

ఆమె అలాగే చూస్తూ కూర్చుంది, గేటు మలుపులో బస్సు కోసం చూసినట్టు.

“నీతో రికార్డు చేయించానే, ఆ వారమే,” అన్నాడు చివరికి. “పైనుంచి ఏదో గుసగుస వినపడింది. నిజమో కాదో తెలీదు.”

“నాకొక్క మాట చెవిలో వెయ్యాల్సిందిరా! అక్కా అక్కా అని తిరిగావు కదా!”

“నీకెలా చెప్తానక్కా? నీకు చెబితే నువ్వు మైకులో చెప్పేస్తావు.”

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. తన మాట మీద అందరికంటే గట్టి నమ్మకం ఉన్నది వీడికేనన్నమాట! అందుకే దాచాడు. ఆ గొంతునే అరువడిగి ఊరంతా తిప్పాడు.

“టీ డబ్బులు నువ్వే ఇచ్చుకుని పో,” అంది.

ఆ సాయంత్రం కొనాలనుకున్న ఇల్లంతా కళ్ళముందు కదిలింది. కిటికీ, నిశ్శబ్దం, అన్నీ. ఒక్క ముక్క చెబితే తీరిపోయేదే కదా అని ఒక మనసు. గోడకేసి తిరిగి వదినతో అందామనుకుంది కూడా. అనలేదు.

మర్నాడు ఆమెకు వారపు సెలవు. ఆ మర్నాడు డ్యూటీకి వచ్చేసరికి మూటల మామ కిటికీ దగ్గర ఎదురుచూస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది.

“నిన్నంతా బండిలో నువ్వే చెప్పావుగా మైకక్కా! ఒకసారి దెబ్బతిన్న మనిషి మళ్ళీ చెప్తోందంటే ఊరికే చెప్తుందా అనుకున్నా. సాయంత్రమే వెళ్ళి వేసొచ్చా.”

ఆమెకు మొదట అర్థం కాలేదు. అంతలో గేటు బయట బండి వినపడింది. పాత టేపే. పాత గొంతే, వయసులో కొంచెం చిన్నది, ముసిముసిగా పొంగిపోతున్న గొంతు. ‘మీ సొమ్ము మా దగ్గర భద్రం.’ కంపెనీ కొత్త పేరు మాత్రం మొదట్లో ఎవరో మగమనిషి చెప్పాడు, మిగతాదంతా ఆమెదే.

ఫ్యాను కట్టేసింది. కిటికీలోంచి మెడ బయటికి పెట్టి బండిని కళ్ళారా చూసింది. తర్వాత మైకు నొక్కింది.

“ప్రయాణికులకు గమనిక. గేటు బయట బండిలో వినిపిస్తున్న గొంతు నాదే. మాట నాది కాదు. అది పాత టేపు. అప్పుడూ నేను చూసి చెప్పలేదు, ఇప్పుడూ చూడలేదు. నన్ను నమ్మి ఎవరూ డబ్బు వెయ్యొద్దు.”

బటను వదిలింది గానీ, ఫ్యాను వేసుకోవడం మర్చిపోయింది. ప్లాట్‌ఫారాల మీద ఒక్కరూ కదల్లేదు. మూటల మామ మొహంలో వెలుగు పోయింది.

“ఈ ముక్క మొన్న చెబితే నీ సొమ్మేం పోయేది తల్లీ?” అన్నాడు. తన సొమ్ము వేరే పోయిందని ఆమె అనలేదు. అతను తలపాగా దులుపుకుని ఎదురు షట్టరు వైపు నడిచాడు, ఇస్తారో ఇవ్వరో అడగడానికి.

సూపర్‌వైజరు మెమో ఇచ్చాడు. కంపెనీ బండి తిరగడం మానేసింది, కానీ ఆమె డబ్బు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వాటాల కాగితమే మిగిలింది.

ఇంట్లో మిషను ఆగింది. వదిన గోడను వదిలేసి, ఇన్నాళ్ళకు ఆమె మొహంలోకే చూసింది.

“మేనేజరు టీ కొట్టు దగ్గర చెప్పుకుంటున్నాడట. మొత్తం ఇస్తామన్నారటగా?”

“అన్నారు.”

“వద్దన్నావు.”

“ఆఁ.”

“అప్పుడు నన్నడక్కుండా ఊరంతా చెప్పావు. ఇప్పుడు నన్నడక్కుండా ఊరంతటికీ వద్దన్నావు. ఈ ఇంట్లో ఒక మనిషుందని నీకెప్పుడు గుర్తొస్తుందే?”

వదిన మాట్లాడినందుకు సంతోషించాలో, మాట్లాడిన మాటకు ఏడవాలో తెలీక మైకక్క కంచం ముందు కూర్చుంది.

కొన్నాళ్ళకు వదిన సంచుల మూటతో పక్క ఊరికి బయల్దేరింది. ఆ బస్సును మైకక్కే చెప్పాలి. గేటు మలుపులో బస్సు ముక్కు కనిపించింది. ప్లాట్‌ఫారం చెప్పింది. చివరికొచ్చేసరికి వదిన మూట దించి కిటికీ వైపే చూస్తోంది. ఆ ఖాళీ దగ్గర గొంతు ఆగింది. మైకులో ‘వెళ్ళి రండి’ అనే అంది. తర్వాత బటను వదిలి, కిటికీలోంచి మొహం బయటికి పెట్టి, ఒట్టి నోటితో పిలిచింది.

“వదినా! భద్రం!”

వదిన మూట భుజానికెత్తుకుని మెట్టెక్కుతూ వెనక్కి తిరిగింది.

“ఆఁ, ఆఁ. నువ్వు చెప్పావని ఎక్కట్లేదులే. బోర్డు నేనే చూసుకున్నా.”