మా అత్త తీసిపెట్టిన గుప్పెడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, కొల్లాపూర్ దగ్గరి పల్లె నుండి సువార్తమ్మ రాస్తున్నది, మీ అందరికీ వందనాలు! ఆదివారం గంట మోగగానే లేచి తలుపు గడియ పెట్టుకున్న మనిషిని నేను, ఒక వారం కాదు, ఒక నెల కాదు, రెండేళ్లు. మా ఇంటికీ మందిరానికీ మధ్య ఒక చేతిపంపు తప్ప ఏమీ లేదు, అక్కడ పాట ఎత్తుకుంటే ఇక్కడ మాటలతో సహా వినబడుతుంది, ఆ మాటలు చెవిన పడకూడదని రెండు చెవులూ మూసుకొని గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. పెట్టుకున్న పేరేమో సువార్తమ్మ, చేసిన పనేమో ఇది! అటువంటి నన్ను దేవుడు ఎలా లేపాడో చెప్పడానికే ఈ ఉత్తరం, దేవునికే మహిమ!

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఎవరి ముందూ తల వంచే మనిషిని కాను, ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, సరే, కొంచెం గొప్ప కోసమే చెబుతున్నాను. ఇరవై ఏళ్లుగా మామిడి తోటల్లో కాయలు ఏరి వేరు చేసే పని నాది. కాయ చేతిలోకి తీసుకుంటే చాలు, ఇది నాలుగు రోజులకు మాగుతుందా, వారానికి మాగుతుందా, అసలు మాగకుండానే కుళ్లుతుందా చెప్పేస్తాను, తోటలు గుత్తకు పట్టేవాళ్లు నా మాట మీదే పెట్టెలు కడతారు. మందిరంలోనూ అంతే, పాట ఎత్తుకోవాలంటే నేనే, స్త్రీల కూడికలో ప్రార్థన చేయాలంటే నేనే. నా భర్త దావీదు తాపీమేస్త్రి, మా మందిరం గోడలు ఆయన చేతి మీద లేచినవే. ఆయన నెమ్మదస్తుడు, ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేదాన్ని. ప్రభువు మాకు పిల్లల్ని ఇవ్వలేదు. ఇంట్లో మూడో మనిషి మా అత్త బాలమ్మ, ఆమె బాప్తిస్మం తీసుకోలేదు, పోచమ్మకు బోనం చేస్తుంది. కొడుకు దావీదు అయి పాతికేళ్లయినా ఆమెకు మాత్రం ఆయన చిన్నప్పటి చెంద్రయ్యే.

మా సంఘంలో గుప్పెడు బియ్యం పద్ధతి ఉంది. పూట పూటకు బియ్యం కడిగేముందు ఒక గుప్పెడు తీసి పక్కన ముంతలో వేస్తాం, ఆదివారం ఆ ముంత తెచ్చి మందిరంలో గంపలో పోస్తాం, అది కష్టంలో ఉన్న ఇంటికి పోతుంది. నేను కోడలిగా వచ్చిన రోజు నుండి తీశాను. నేను గుప్పెడు తీసిన ప్రతిసారీ మా అత్త, "నీ దేవునికి ఆకలెక్కువనే పిల్లా" అని ఎగతాళి చేసేది.

మన రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం, కాయ కోతకు వచ్చిన రోజుల్లో నా భర్త కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు తాగించాం, తగ్గలేదు, పెద్ద దవాఖానకు తీసుకుపోయాం, అక్కడ డాక్టరు లివరు బాగా దెబ్బతిన్నదని చెప్పి, మందులు రాసి, వచ్చే మంగళవారం తప్పకుండా తీసుకురండి, మంచం ఖాళీ అవుతుంది, చేర్చుకుంటాం అన్నాడు. ఆ మధ్యలో ఆదివారం మా ఊళ్లో ఉజ్జీవ కూటాలు జరిగాయి. బయటి నుండి వచ్చిన బోధకుడు, మీరు అడిగినది దొరికిందని నమ్మినట్టయితే దొరకకముందే లేచి సాక్ష్యం చెప్పండి, అదే అసలైన విశ్వాసం అన్నాడు. నేను ఊరుకుంటానా! అందరికంటే ముందు లేచాను. "నా భర్తకు ప్రభువు స్వస్థత ఇచ్చిండు, ఆయన లివరు బాగైంది, దేవునికే మహిమ!" అన్నాను. చప్పట్లు, కంజిరలు, హల్లెలూయలు, మందిరం దద్దరిల్లింది. మా సంఘ కాపరి అయ్యగారు కూడా తల ఊపారు.

సహోదరులారా, నేను ఆ మాట అంటున్న సమయానికి నా భర్త ఇంట్లో నులక మంచం మీద ఉన్నాడు, పొద్దున తాగిన గంజి కక్కుకున్నాడు, ఆ నేల కడిగి, చేతులు తుడుచుకొని వచ్చి నేను ఆ సాక్ష్యం చెప్పాను! తోటల్లో కొందరు పచ్చికాయకు మందు పెట్టి తొందరగా రంగు తెప్పిస్తారు, పైన పండులా ఉంటుంది, కోస్తే లోపల పచ్చిదే, అటువంటి పెట్టె నా దగ్గరికి వస్తే ఎవరిదైనా సరే తీసి పక్కన పడేస్తాను. ఆ రోజు నేను సంఘానికి అటువంటి కాయనే ఇచ్చాను.

మంగళవారం ఆటో వచ్చి వాకిట్లో నిలబడింది. మా అత్త అప్పటికే కొడుకుకు అంగీ తొడిగి కూర్చోబెట్టింది. నేను అడ్డం నిలబడ్డాను.

"డాక్టరు రమ్మన్నడు గదనే, తీస్కపోదాం" అన్నది అత్త.

"బాగైందని సంఘం ముందట చెప్పిన. ఇప్పుడు దవాఖానకు పోతె నా దేవుని పేరు ఏంగావాలె అత్తా?"

నా భర్త నా ముఖం చూశాడు. ఆటో తిరిగిపోయింది. దేవుని పేరు అని నోటితో అన్నాను గాని, లోపల నేను కాపాడుకున్నది నా పేరునే. తొమ్మిదో రోజు ఆయన ప్రభువునందు నిద్రించాడు.

తీసుకుపోయి ఉంటే బతికేవాడా? తర్వాత డాక్టరును అడిగాను, చెప్పలేమమ్మా అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను రెండేళ్లు కాలిపోయాను. బతికేవాడు కాదు అని ఉంటే ఊరట ఉండేది, బతికేవాడు అని ఉంటే నన్ను నేను తిట్టుకొని ఊరుకునేదాన్నేమో, ఏదీ కాకపోయె! భూస్థాపన నాడు ఒక సహోదరి నా చెవిలో, విశ్వాసం ఎక్కడో తక్కువైంది సువార్తమ్మా అన్నది. ఆ రోజు తలుపు వేసుకున్నాను. పాటల పుస్తకం పెట్టె అడుగున పడేశాను, ముంత అటక మీద బోర్లించాను, తోటలకు పోవడం మానేశాను. దేవుడు లేడని నేను అనుకోలేదు, ఉన్నాడు, నన్ను విడిచిపెట్టాడు అనుకున్నాను, అది ఇంకా అన్యాయం కదా! ఒకసారి అయ్యగారు ఇద్దరు సహోదరీలను వెంటబెట్టుకొని సంచి బియ్యం తెచ్చి గడప లోపల పెడితే, "మాకేం ముష్టి అక్కర్లే, తీస్కపోండ్రి" అని తిరిగి వాళ్ల చేతిలోనే పెట్టాను. అంత పడిపోయినా ఆ పొగరు మాత్రం పడలేదు చూడండి!

ఇల్లు నడిపింది మా అత్త. డెబ్బై దాటిన మనిషి, నాలుగు మేకలు కాసి, వంట చేసి, నాకు కంచం ముందు పెట్టేది. ఆ రెండేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు, మంచి మాటా అనలేదు, చెడ్డ మాటా అనలేదు. ఆదివారం పొద్దున కొంగు చాటున ఏదో పట్టుకొని బయటికి పోయి వచ్చేది, ఎక్కడికని నేను అడగలేదు.

ఆ రోజు కూడా ఆదివారమే. మందిరంలో ఇంకా గంట కొట్టలేదు. ఇక బతకొద్దని నేను తీర్మానం చేసుకున్నాను, ఎలాగన్నది రాయను, అది రాయాల్సిన మాట కాదు. పోయేముందు ఈ ముసలామెకు ఒక పూట నా చేత్తో వండిపెట్టాలనిపించింది, రెండేళ్ల తర్వాత పొయ్యి దగ్గర కూర్చున్నాను, బియ్యం కొలిచి నీళ్లు పోయబోయాను. వెనక నుండి అత్త గొంతు వినబడింది.

"గుప్పెడు తీసినవా?"

నేను తెల్లబోయాను. "ఏం గుప్పెడు?"

"ఏం గుప్పెడేందే? కడగకముందుకే తియ్యాలె గద. జరుగు, నేను తీస్త."

ఆమె నా చేతిలోని గిన్నెలో నుండి ఒక గుప్పెడు తీసింది, ఉప్పు కుండ వెనక నుండి ఒక పాత డబ్బా లాగి అందులో వేసింది. డబ్బా నిండుగా ఉంది.

"ఇదెందుకు తీస్తున్నవ్ అత్తా?"

"నువ్వు ఇడిశిపెట్టినంక నేను పట్టుకున్న. ఐతారం ఐతారం మీ గుడి గడప కాడ పెట్టొస్తున్న, మీ అయ్యగారు తీస్కుంటడు. లోపటికైతె పోలే."

"మా దేవునితోని నీకేం పని?"

"నాకేం పని లేదు. నా చెంద్రయ్యకు ఉండె. వాని పేరు మీద ఇయ్యాలంటె వాని దేవునికే ఇయ్యాలె గదనే."

రెండేళ్లుగా లోపల పెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "నీ కొడుకును నేను దవాఖానకు పోనియ్యలే అత్తా. నా మీద నీకు కోపం లేదా?"

"ఎందుకు లేకుండె? మస్తుగుండె. ఆ ఆటో తిరిగిపోయిన సప్పుడు ఇప్పటికి నా చెవులల్ల ఉన్నది. నీ మొకం సూస్తె నాకు బువ్వ దిగకపోయేది. గాని వాని పేరు తల్సుకుంట ఈ గుప్పెడు తీసినప్పుడల్లా జర తగ్గింది, జర తగ్గింది. ఇప్పుడు లేదు పో." ఆమె డబ్బా మూత పెట్టి నా పక్కన కూర్చున్నది. "పొద్దుగాల్నుంచి నీ మొకం సూస్తనే ఉన్న సువార్తా. నువ్వు గూడ పోతె నేనెవలికి వండాలె?"

నేను ఆ ముసలామె ఒడిలో తల పెట్టి ఏడ్చాను సహోదరులారా, నా భర్త పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు! కొడుకును పోగొట్టుకున్న తల్లి, ఆ కొడుకును ఆపిన నన్ను కూర్చోబెట్టి రెండేళ్లు అన్నం పెట్టింది, క్షమించింది. మరి నా కోసం తన కుమారుని సిలువకు అప్పగించిన తండ్రి నన్ను క్షమించడా? రక్షణ గురించి ఇరవై ఏళ్లు పాడినదాన్ని, పాడిన మాటకు అర్థం ఆ రోజు పొయ్యి ముందు తెలిసింది, అదీ బాప్తిస్మం లేని మా అత్త చేతి మీదుగా తెలిసింది! అక్కడే మోకాళ్ల మీద పడ్డాను.

"ప్రభువా, నీ పేరు చెప్పి నా పేరు కాపాడుకున్న. కానిదాన్ని అయ్యిందన్న. నా మొగన్ని నేనే ఆపిన. ఈమె నన్ను క్షమించింది, నువ్వు గూడ క్షమించు తండ్రీ. నన్ను ఇడిశిపెట్టకు. నాకు ఇంతకంటె మాట వస్తలేదు, ఆమెన్."

అంతే ప్రార్థన. ఆకాశం నుండి వెలుగు రాలేదు, ఒళ్లు జలదరించలేదు, కాని చచ్చిపోవాలన్న ఆలోచన నన్ను విడిచిపోయింది, మళ్లీ రాలేదు, దేవునికే స్తోత్రం! అంతలో గంట మోగింది. గడియ పెట్టుకునే చేతితో తలుపు తీసి, ఆ డబ్బా పట్టుకొని, వంట మసి చీరతోనే మందిరానికి పోయాను. సాక్ష్యాల వేళ లేచి, అదే జాగాలో నిలబడి, "సంఘమా, ఇక్కడ నిలబడి నా భర్త బాగైండని చెప్పిన. ఆయన బాగుగాలే. నేను అబద్ధం చెప్పిన, ఆ అబద్ధం నిలబెట్టుకోనీకి ఆయనను దవాఖానకు పోనియ్యలే" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అయ్యగారు లేచి నా పక్కన వచ్చి నిలబడ్డారు, "నేనూ ఆ రోజు తల ఊపాను, నేనూ దోషినే, సంఘం నన్ను క్షమించాలి" అన్నారు. విశ్వాసం తక్కువైందన్న సహోదరి వచ్చి నన్ను పట్టుకొని ఏడ్చింది.

ఈ రోజు మా సంఘం గురించి చెప్పాలంటే నా ఛాతీ ఉప్పొంగుతుంది. మా దగ్గర ఎవరికైనా రోగమని ప్రార్థన చేస్తే, ఆ ప్రార్థన అయిన వెంటనే ఇద్దరం లేచి ఆ మనిషితో దవాఖానకు బస్సు ఎక్కుతాం. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేనే, ఎక్కడ చీటీ రాయించాలో, ఏ గదికి ఏ మెట్ల మీదుగా పోవాలో ఇప్పుడు నాకు తెలిసినంతగా మా ఊళ్లో ఎవరికీ తెలియదు! కొందరు బాగై వచ్చారు, కొందరు రాలేదు, రానివాళ్ల చేయి కూడా చివరిదాకా పట్టుకున్నాం. తోటలకు మళ్లీ పోతున్నాను, నా చేతికి కాయ ఇంకా మాట చెబుతూనే ఉంది. నా దావీదు సమాధి మీద సిలువ నేనే సున్నం వేసి తెల్లగా ఉంచుతాను, ప్రభువు వచ్చే రోజున ఆయన లేస్తాడు, నేను చూస్తాను, ఆ రోజు ఆయన ముఖం చూసి చెప్పాల్సిన మాట నా దగ్గర సిద్ధంగా ఉంది.

ఇది చదువుతూ తలుపు గడియ పెట్టుకొని కూర్చున్న సహోదరీ, సహోదరుడా, నువ్వు చేసిన తప్పు ఎంత పెద్దదైనా, దేవుని మీద నీకు ఎంత కోపమున్నా, ఆయన నీ గుప్పెడు ఆపలేదు, ఎవరి చేతనో తీయిస్తూనే ఉన్నాడు. గడియ తీయి. నీ మనసులో ఉన్నది పక్కనున్న మనిషికి చెప్పు. ప్రభువును నమ్ము, ఆయన విడిచిపెట్టేవాడు కాడు!

మరి మీ అత్త రక్షణ పొందిందా అని మీరందరూ అడుగుతారు, ఈ ఉత్తరం రాయమన్న అయ్యగారు కూడా అడిగారు. పొందింది అని రాయాలని నా చేయి ఎంత లాగుతుందో! నేను ఇక్కడ కూర్చొని రాస్తుంటే ఆమె గడప మీద కూర్చొని, "రాయి గని, అయినదే రాయి" అంటున్నది. కాబట్టి అయినదే రాస్తున్నాను. ఆమె ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. కాని పోయిన ఆదివారం గుప్పెడు డబ్బా గడప దగ్గర పెట్టకుండా, చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, గంపలో తన చేత్తో పోసి, కొడుకు కట్టిన గోడకు ఆనుకొని నా పక్కన చాప మీద కూర్చున్నది. అది అయ్యింది, నేను నా కళ్లతో చూశాను.