తలుపు దాటి వచ్చిన మాట

మా అత్తగారు పోయారు. బాపట్లలో తన ఇంట్లోనే, మధ్యాహ్నం అన్నం తిని గోడకు చేరగిలబడి కూర్చున్న మనిషి అలాగే ఉండిపోయారట. పక్కింటివాళ్లు మా రైసుమిల్లు ఆఫీసుకు ఫోను చేస్తే, షావుకారుగారే లేచి నా దగ్గరకు వచ్చి, భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో దిగి, మళ్లీ బాపట్ల బండి ఎక్కేదాకా మా ఆవిడ కొంగు కళ్ల మీంచి తియ్యలేదు. మా పాపకు ఇంకా ఆరేళ్లు నిండలేదు. అదే నాకు ధైర్యం చెప్పింది. "నేను పిలిస్తే అమ్మమ్మ లేస్తుందిలే నాన్నా, నువ్వు పిలిస్తే లేవదు" అంది.

నాది ఎనిమిదో తరగతి చదువు. అత్తగారి మీద అల్లుడు రాయడమేంటని నవ్వేవాళ్లుంటే నవ్వనివ్వండి. ఈ పాప మా ఇంట్లో తిరుగుతోందంటే ఆ పెద్దావిడ చలవే. ఈ ఏడు బళ్లో వేశాం. మొదటిరోజు పంతులమ్మగారు నా నెరిసిన తల చూసి, "తాతగారాండీ?" అని అడిగారు. "కాదమ్మా, నాన్నని" అన్నాను. పాపం ఆవిడ ఎంత సిగ్గుపడ్డారో! నాకైతే ఆ మాట ఇంకో పదిమంది అడిగితే బాగుండుననిపించింది. పదిసార్లూ చెప్పేవాణ్ణి. పెళ్లయిన పదహారో ఏట పుట్టింది మరి.

మా ఇళ్లలో అత్తగారు అల్లుడి ఎదటపడి మాట్లాడదు. మా అత్తగారు ఆ పద్ధతిని అక్షరాలా పాటించిన మనిషి. నేను బాపట్ల వెళ్తే వసారాలో మంచం వాల్చేవారు. ఆవిడ తలుపు చాటున నిలబడి, నేను పక్కనే ఉన్నా, మా ఆవిడతో చెప్పేవారు. "అల్లుడుగారు పులుసులో ఇంకో ముక్క వేయించుకుంటారేమో అడగవే." నేను కూడా మా ఆవిడకే చెప్పేవాణ్ణి, చాలని చెప్పమని. మధ్యలో మా ఆవిడ టపా బంట్రోతులా నిలబడి, "ఇద్దరికీ వినపడుతూనే ఉందిగా, నేనెందుకూ?" అని నవ్వేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నవ్వు తగ్గిపోయింది.

పిల్లలు లేని ఇంటికి ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న, "ఏమైనా విశేషమా?" అని. పెళ్లికి వెళ్తే విశేషమా, చావుకి వెళ్లినా విశేషమా. మా ఆవిడ శనివారాలు, సోమవారాలు, ఏకాదశులు ఉపవాసాలుండి ఎండుపుల్లలా తయారయింది. ఎనభైల ఆఖర్లో మా అత్తగారే కూతుర్ని తెనాలిలో ఒక లేడీ డాక్టరుగారికి చూపించారు. ఆవిడ పరీక్షలు చేసి, "అమ్మాయిలో పెద్ద లోపమేం లేదు, రక్తమే తక్కువ. ఈసారి భర్తను తీసుకురండి, ఆయనకీ పరీక్ష చెయ్యాలి" అన్నారట.

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మగవాడికి కూడా పరీక్ష ఉంటుందని మా మిల్లులోనే కాదు, మా వీధిలోనే ఎవరికీ తెలియదు. మొగుడితో ఆ మాట అనడం కంటే చావడం నయమనుకుంది మా ఆవిడ. అనలేక అనలేక, ఒకరోజు బాపట్లలోనే, నాకు మజ్జిగ గ్లాసు అందిస్తూ, "మీరు ఇంకో పెళ్లి చేసుకోండి. పిల్లను నేనే చూస్తాను" అంది. అని లోపలికి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అప్పుడు తలుపు కదిలింది. మా అత్తగారు వసారాలోకి వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. నేను గభాల్న లేచి, రెండో చేతిలోని చుట్ట ఆర్పేశాను.

"కూర్చో బాబూ" అన్నారు. అప్పటిదాకా అల్లుడుగారినే. ఆ రోజే బాబునయ్యాను. "డాక్టరమ్మ నిన్ను కూడా చూడాలంటోంది. ఆ ముక్క నీతో చెప్పలేక మా పిచ్చిది నీకు పెళ్లి చేస్తానంటోంది. నాయనా, ఏ పూజకైనా పీటల మీద ఇద్దరూ కూర్చోవాలా, వద్దా? దాన్నొక్కదాన్నే ఎన్నాళ్లు కూర్చోబెడతాం?"

ఆవిడ చెయ్యి గోడకు ఆన్చి నిలబడ్డారు. నాకేం తోచిందంటారా? ఈవిడ నాతో మాట్లాడుతున్నారు, అదే తోచింది. "అలాగేనండి అత్తయ్యగారూ. రేపే వెళ్దామండి" అన్నాను. ఆవిడ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయారు. చెంబెడు నీళ్లు గటగటా తాగిన చప్పుడు నాకు వసారాలోకి వినపడింది.

పరీక్షలో నాలో కూడా లోపముందని తేలింది. కణాలు తక్కువ, ఉన్నవాటికి చురుకు తక్కువ అన్నారు డాక్టరుగారు. చుట్ట మానాలి, బాయిలరు దగ్గర పని మానాలి, ఆ వేడి మంచిది కాదు. మా ఆవిడేమో కడుపునిండా తినాలి, రోజూ కాస్త నడవాలి, నిద్రపోవాలి. "ముందు మీరిద్దరూ మనుషులవ్వండి, మూడు నెలల తర్వాత మందులు మొదలుపెడదాం" అన్నారు. షావుకారుగారు మంచివారు, నన్ను బస్తాలు తూచే కాటా దగ్గరకు మార్చారు. హమాలీలు ఊరుకుంటారా? "ఏంటి బాబాయ్, బాయిలరు నీ మీద అలిగిందా?" అని ఒకటే ఎగతాళి. చుట్టతోనే వచ్చింది చిక్కు. పదిహేనో ఏట అంటుకున్న అలవాటు.

మా అత్తగారికి ముక్కుపొడుం అలవాటుండేది. రేపల్లె వచ్చి, బొడ్లోంచి పొడుం డబ్బీ తీసి నా కళ్ల ముందే గూట్లో పెట్టారు. "నువ్వు చుట్ట మానెయ్, నేను పొడుం మానేస్తాను. ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్లు ఓడినట్టు" అన్నారు. డాక్టరుగారి దగ్గరకు వెళ్లినప్పుడల్లా తెనాలి స్టేషనులో బెంచీ మీద మా ఆవిడను మధ్యలో కూర్చోబెట్టుకుని అటొకరం ఇటొకరం కూర్చునేవాళ్లం.

"బాబూ, గుర్తొస్తోందా?"

"వస్తోందండి."

"నాకూ వస్తోంది. ఇంద, ఈ శనగలు నవులు."

ఒకసారి ఆవిడకు గట్టిగా తుమ్ము వచ్చింది. "చూశావా, పొడుం లేకుండానే తుమ్మొచ్చింది. ఎంత దండగ!" అన్నారు. మా ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఉపవాసాలు మానమంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. మొక్కుకున్నవి మానితే దేవుడికి కోపం వస్తుందని భయం. డాక్టరుగారు చెప్పినా వినలేదు. అత్తగారు ఒక్క మాటలో తేల్చేశారు. "నీ ఉపవాసాలన్నీ నాకు బదిలీ చెయ్యవే. ఆయనకు కావలసింది ఎవరో ఒకరు పస్తుండటమేగా, నేనుంటాను. నువ్వు తిను." అన్నట్టే ఉన్నారు. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ తాను మంచినీళ్లు తాగి, కూతురి కంచంలో మునగాకు పప్పు, నెయ్యి వేసి, ముద్ద మిగలకుండా తినిపించేవారు. పాప పుట్టిన తర్వాత కూడా శనివారాలు వదల్లేదు. ఎందుకండీ ఇంకా అని అడిగితే, "పని అవగానే ముఖం చాటేస్తే ఏం మర్యాద బాబూ?" అన్నారు.

ఇక ఆ విశేషం సంగతి. ఒకసారి రైల్లో మా ఊరావిడ ఒకామె ఎదురు సీట్లో కూర్చుని మా ఆవిడ పొట్ట వైపు చూస్తూ, "ఏంటమ్మా, ఏమైనా విశేషమా?" అంది. మా అత్తగారు అందుకున్నారు.

"ఉందమ్మా, ఎందుకు లేదూ! మా గేదె ఈనింది. పెయ్యదూడ."

"అది కాదండీ పిన్నిగారూ, మీ అమ్మాయికి..."

"మా అమ్మాయికీ పోస్తున్నానమ్మా, పూటకో గ్లాసు. శుభ్రంగా తాగుతోంది."

పెట్టెలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, మరి అడగలేదు. తర్వాత మా అత్తగారు మా ఆవిడ చెవిలో అన్నది నాకూ వినపడింది. "అడిగేవాళ్ల నోరు మన చేతిలో లేదు. తల దించుకోవడం, దించుకోకపోవడం మన చేతిలో ఉంది."

మందులు మొదలుపెట్టారు. మాత్రలు, ఇంజెక్షన్లు, ఆ తర్వాత నా కణాలను శుభ్రం చేసి లోపలికి పంపించే పద్ధతి. మొదటిసారి నిలవలేదు. మా ఆవిడ బయట చేరి, పెరటి వసారాలో చాప మీద ముఖం తిప్పుకుని పడుకుంది. తిండి లేదు, మాట లేదు. నేను కబురు చేస్తే అత్తగారు ఆ పూటే వచ్చారు. గుమ్మంలోనే ఎదురెళ్లి, "కాస్త ధైర్యం చెప్పండి అత్తయ్యగారూ" అని బతిమాలాను.

"ధైర్యం రేపు చెప్పుకుందాం బాబూ. ఇవాళ ఏడవనీ" అన్నారు.

అని వెళ్లి, మైలా లేదు ఏమీ లేదు, కూతురి తల ఒళ్లో పెట్టుకుని నూనె రాశారు. అప్పుడు మా ఆవిడ అంది, "నాకిక పుట్టరేమోనే అమ్మా" అని. ఆవిడ చెయ్యి ఆపలేదు. "పుడితే పుడతారు, లేకపోతే లేదు. నాకు నువ్వు పుట్టావుగా. నేనేమన్నా తక్కువ సంబరపడ్డాననుకున్నావా?"

నేను బావి దగ్గరకు వెళ్లి ముఖం కడుక్కున్నాను. ఏ మందూ చెయ్యని పని ఆ మాట చేసింది. మర్నాడు మా ఆవిడ తనే లేచి తల దువ్వుకుని, "డాక్టరుగారి దగ్గరకు మళ్లీ ఎప్పుడు వెళ్దాం?" అని అడిగింది. వస్తే సంతోషం, రాకపోతే మనమిద్దరం ఉన్నాం అని కూడా అంది. భయం పోయిన మనిషిలా ఉంది.

రెండోసారీ నిలవలేదు. మూడోసారి నిలిచింది. తెనాలిలో పాప పుట్టిన రోజున నేను చేసిన హడావుడి చెబితే నవ్విపోతారు. రేపల్లె బండిలో ఎక్కినవాళ్లకు, దిగినవాళ్లకు, టికెట్లు చూడటానికి వచ్చిన ఆయనకు, అందరికీ లడ్డూలే. కొడుకా అని ఒకాయన అడిగితే, "మహాలక్ష్మండీ!" అని ఎంత గట్టిగా అరిచానంటే, పై బల్ల మీద పడుకున్నాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఆయనకూ ఒక లడ్డూ ఇచ్చాను.

పురుడు వెళ్లాక బాపట్ల వెళ్లాను. పొద్దున్నే పెరట్లో మా అత్తగారు పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని ఉన్నారు. నలుగుపిండి వాసన, పక్కన సాంబ్రాణి పొగ. మా ఆవిడ లోపల ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. మగవాళ్లు అటువైపు వెళ్లరు కదా అని నేను వెనక్కి తిరగబోయాను.

"బాబూ, ఇట్రా. నీళ్లు పోద్దువుగాని."

"నేనాండీ?"

"తండ్రివి నువ్వే కదా, ఇంకెవర్ని పిలవమంటావు? సన్నగా పొయ్యి, బెదురుతుంది."

చెంబు తీసుకున్నాను. ఆవిడ పాప నెత్తి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఊఁ, పొయ్యి" అన్నారు. పాప కేరుమంది. ఆవిడ చీర సగం తడిసిపోయింది, నవ్వుతున్నారు. నేను పోసిన గోరువెచ్చని నీళ్లు ముందు ఆవిడ చేతి మీద పడి, అక్కడ కాస్త ఆగి, ఆ ముడతలు పడిన వేళ్ల సందుల్లోంచి మా పాప వీపు మీదికి సన్నగా జారుతున్నాయి.