ఇంకానయం మామయ్య

ఎంతటి కష్టం వచ్చినా అందులో ఒక "ఇంకా నయం" వెతికి పట్టుకోకపోతే మామయ్యకు ముద్ద దిగదు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని ఇంకానయం టైలరంటారు. మెట్ల మీంచి జారి కాలు విరిగిన రోజు, మిషను తొక్కడానికి ఇంకో కాలుంది, ఇంకా నయం అన్నాడు. ఆ మాటకు నవ్వొచ్చి డాక్టరు కట్టు వంకరగా వేస్తే, విప్పి మళ్ళీ కట్టేదాకా ఇంకాసేపు కబుర్లు చెప్పుకోవచ్చని సంబరపడ్డాడు.

మేనకోడలికి మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండేది. తను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి, దిక్కుతోచక ఆయన కొట్లో పనికి చేరిన రోజున, పొద్దున్నే సైరన్ మోత తప్పింది, ఇంకా నయమన్నాడు. ఆ పూటంతా ఆమె ఆయనతో మాట్లాడలేదు.

అలా ఉండగా ఒక హోటలు సిబ్బందికి తెల్లచొక్కాలు కుట్టే పని వచ్చింది. కొట్టుకు అంత పెద్ద పని రావడం అదే మొదలు. కుట్టిన చొక్కాలన్నీ బల్ల మీద పేర్చి, కిటికీ వేయడం మరిచి ఇంటికెళ్ళింది మేనకోడలు. రాత్రి వాన కొట్టింది. పై అరలోని నీలంగుడ్డ తానులు తడిసి, రంగంతా చొక్కాల మీదికి కారింది.

పొద్దున అది చూసి ఆమె కూలబడిపోయింది. మామయ్య చొక్కాలను చూశాడు, ఆమెను చూశాడు. ఇప్పుడే వస్తానని వెనకగదిలోకి వెళ్ళాడు. తప్పయిందని చెప్పుకుందామని వెంట వెళ్ళిన ఆమెకు తలుపు అవతల గుసగుసలు వినిపించాయి.

"ఇందులో నయమేముందో కాస్త చూసి చెప్పవే. నాకేం తోచడం లేదు."

"ఏముందండీ, అంతా పాడైతేనూ," అంది అత్తయ్య.

"అలా అంటే ఎలా? పిల్ల తనవల్లే అయిందని కుమిలిపోతోంది. ఉత్తచేతులతో ఎలా వెళ్ళను?"

ఆ మాటలు ఆయనకు ఊరికే వచ్చేస్తాయనుకుంది ఇన్నాళ్ళూ. ఇంత వెతుక్కుంటాడని, అదీ తనలాంటివాళ్ళ కోసమని తెలిసేసరికి ఏడుపు ఆగిపోయింది. చప్పుడు చేయకుండా వచ్చి తన చోట కూర్చుంది.

మామయ్య వచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఇంకా నయం, నీలమే పడింది. ఎరుపు పడుంటే హోటల్లో హత్య జరిగిందనుకునేవాళ్ళు."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే చొక్కాల వంక మళ్ళీ చూసింది. "అన్నిటికీ ఇదే రంగు వేసేస్తే, మామయ్యా?"

ఒకదానికి రంగు సమంగా అద్ది, మామయ్య దాన్ని హోటలాయన ముందు పెట్టాడు. జరిగింది దాచకుండా చెప్పి, హత్య సంగతి కూడా చెప్పాడు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, తెల్లవాటి మీద కూర మరకలతో ఎలాగూ విసిగిపోయాననీ, అన్నీ ఇలాగే చేసిమ్మనీ అన్నాడు.

సాయంత్రానికి చొక్కాలన్నీ దండేల మీద ఆరుతున్నాయి. మోచేతుల దాకా నీలంతో ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. మేనకోడలు టీ తెచ్చి మామయ్య చేతికిచ్చింది. అందులో చక్కెర బదులు ఉప్పు పడిందని అప్పటికే తెలిసినా చెప్పలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆయన ఏమంటాడోనని చూస్తూ కూర్చుంది.