మావ మీద పోటీ

సుక్రు సర్పంచి అయ్యాక చాలా ఏళ్లు పనసగుడలో పంచాయతీ ఎన్నికలంటూ జరగలేదు. అనంతగిరి కొండల మీద ఆ చిన్న పంచాయతీకి ప్రతిసారీ ఆయనే ఏకగ్రీవం. తగవుల్లేని ఊరని ఆయనకి గర్వం. పెద్ద ఎన్నికలొచ్చినా ఆయన చెప్పిన పార్టీకే ఊరంతా ఓటేసేది. ఏకగ్రీవానికి ప్రభుత్వం ఇచ్చిన బహుమతితో పంచాయతీ ఆఫీసు చుట్టూ ప్రహరీ కట్టించి, తనే దగ్గరుండి సున్నం వేయించాడు.

నీళ్లు మాత్రం లోయలోని ఊట నుంచే మోసుకురావాలి. కాఫీ పళ్లు పచ్చివే షావుకారికి అమ్ముకోవాలి. పళ్ల తొక్క తీసే యంత్రం పక్క పంచాయతీకి వచ్చింది గానీ వీళ్లకి రాలేదు.

ఒక వానాకాలం సుక్రు కోడలు హేమలత ఊట దారిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కొడుకు దూరపు తోటల్లో పనికి పోయి ఉన్నాడు. కట్టు విప్పేదాకా సుక్రే బిందె ఎత్తాడు. మగవాడు నీళ్లు మొయ్యడం ఊళ్లో ఎవరూ ఎరగరు. ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతూ దారి ఇచ్చారు. ఆయన సగం దారిలో కూలబడి, చాలాసేపు ఊపిరి పీల్చుకుంటూ ఉండిపోయాడు.

ఎన్నికల ప్రకటన వచ్చాక, పొయ్యి దగ్గర కూర్చుని హేమలత మెల్లగా అంది.

"మావా, ఈసారి నానూ నిలబడతాను."

"నా మీదా?"

"నీ మీద కోపం కాదు. మన ఓట్లన్నీ ఒక్కసోటే పడతాయని నీ పార్టీవోళ్లకి తెలుసు, అందుకే రారు. అవతలోళ్లకీ తెలుసు, ఆళ్లూ రారు. రెండు పక్కలా బయముంటేనే గదా మనకేసి సూసేది."

సుక్రు లేచి వెళ్లిపోయాడు. మనసు చివుక్కుమంది. రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడోనాడు అడిగాడు.

"నామినేషన్‌కి ఎలాగెల్తావు?"

"ఆటో మాట్లాడుకుంటాను."

"రెండు ఆటోలేటికి? నానూ ఎల్లాల గదా."

అలా ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లి ఒకరి మీద ఒకరు నామినేషన్ వేసి వచ్చారు.

ఇక, అంతవరకూ ఊరి మొహం చూడని నాయకులంతా రొప్పుతూ కొండెక్కారు. ఒకరు కుళాయిలన్నారు, ఇంకొకరు యంత్రమన్నారు. హేమలత పొద్దున్నే మావకి చోడంబలి పోసిచ్చి, ఆయన మీద ఓట్లడగడానికి బయల్దేరేది. సుక్రు మీటింగులో ఎవరో ఆమెని నోరుజారి ఏదో అనబోతే, ఆయన మైకు లాక్కున్నాడు.

"మా కోడలు గుంట మాటెత్తకండి. నీళ్లు ఎప్పుడిత్తారో సెప్పండి."

గెలిచింది సుక్రే, వెంట్రుకవాసిలో. ఆయన పార్టీ ఎమ్మెల్యేకి గుండె గుభేలుమంది. అసెంబ్లీ ఎన్నికలు ఎంతో దూరం లేవు. వానలకి ముందే పైపులు వేయించాడు. అవతలి పార్టీ ఎంపీ ఊరుకుంటాడా, తన నిధులతో యంత్రం ఇప్పించాడు. మరుసటి పంటకి పనసగుడ ఆడవాళ్లు తొక్క తీసి, కడిగి ఎండబెట్టిన గింజలే అమ్మారు. మంచి ధర పలికింది. హేమలత మొగుడు కూలిపని మానేసి తోటకి తిరిగొచ్చాడు.

అన్నీ చక్కబడలేదు. ఓట్ల గొడవలో రెండిళ్లవాళ్లు మాటలు మానుకున్నారు. వాళ్లని కలపడానికి సుక్రు ఇప్పటికీ ఆ గుమ్మాల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. తారు రోడ్డు కూడా కొండ కిందే ఆగిపోయి ఉంది, తోటలకి కరెంటు లైను రాలేదు.

మొన్న కళ్లంలో గింజలు తిరగేస్తూ ఆయన అడిగాడు.

"మల్లీ నిలబడతావేటే?"

"నిలబడతాను. నువ్వూ నిలబడాల, మావా. ఒక్కదాన్నే అయితే ఎవులొత్తారు?"

సుక్రు నడుము నిమురుకున్నాడు.

"అయితే రోడ్డు సంగతి నువ్వెత్తుకో. కరెంటు లైను నాకొదిలెయ్."