ప్రకటనలో పగిలిన గుమ్మడికాయ

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే, మూసాపేటలో ఎక్కి హైటెక్ సిటీలో దిగే నాకు రిటైరయ్యే దాకా మెట్రోలో సీటు దొరక్కూడదు. ఈ ఊళ్ళో ఉద్యోగం చేసేవాడెవడూ ఇంతకంటే పెద్ద ఒట్టు పెట్టుకోడు. అన్నం మీదా, పిల్లల మీదా ఒట్టేసినవాళ్ళను చాలామందిని చూశాను. మెట్రో సీటు మీద ఒట్టేసే ధైర్యం మాత్రం నాకొక్కడికే ఉంది.

నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. ఫోన్లో ఏదో చూస్తుంటే మధ్యలో ఒక ప్రకటన వస్తుంది కదా. దాన్ని నొక్కితే ఒక పేజీ తెరుచుకుని "మీ మెయిల్ అడ్రసు ఇవ్వండి, వారం వారం ఉత్తరం పంపుతాం" అంటుంది కదా. ఆ ప్రకటననూ, దాని వెనకున్న పేజీనీ ప్రకటనలు చూపించే కంపెనీవాళ్ళు ముందు పరీక్షిస్తారు. పాసైతేనే జనానికి కనిపిస్తాయి. ఫెయిలైనవి నా దగ్గరికి వస్తాయి. అంటే నేను తప్పిన ప్రకటనలకు ట్యూషన్ మాస్టారిని. ఒకసారి బట్టతల నూనెవాళ్ళ ప్రకటనకు ఎంత బాగా ట్యూషన్ చెప్పానంటే, పరీక్షించిన యంత్రం మీద కూడా నూగు మొలిచింది. ఇది కూడా ఒట్టులోకే వస్తుంది.

మా పై ఫ్లాటులో ఒక అక్క ఉంటుంది. కడప వైపు మనిషి. బావగారు ఊరంతా ప్లాట్లు అమ్ముతాడు. "అందరికీ రెండొందల గజాలు చూపిస్తాడు, నాకు మాత్రం నాలుగు తొట్లకు జాగా లేదంటాడు" అని అక్క దెప్పుతూ ఉండేది. చివరికి ఆ జాగా ఆమే చూసుకుంది, మా అపార్టుమెంటు మిద్దె మీద. పాత బకెట్లలో వంగ, థర్మోకోల్ డబ్బాల్లో తోటకూర, పాడైన వాషింగ్ మెషీన్ డొల్లలో పుదీనా. వాటన్నిటికీ రాజులాగా ట్యాంకు పక్కన బూడిద గుమ్మడి తీగ. దానికి ఒకే ఒక్క కాయ కాసింది. ఆ కాయ ఎంతుండేదంటే, సాయంత్రంపూట దాని నీడ మెట్రో స్టేషన్ మెట్ల మీద పడి, రైలు దిగినవాళ్ళు వానొస్తుందేమో అని గొడుగులు తెరిచేవాళ్ళు.

ఒక ఆదివారం అసోసియేషన్ ప్రెసిడెంటు మిద్దెక్కాడు. ఖాజాగూడలో పుట్టి పెరిగిన మనిషి, వాళ్ళ పొలాలున్న చోట ఇప్పుడు అద్దాల మేడలున్నాయి. కాయను చూశాడు, తొట్లను చూశాడు, నన్ను చూశాడు.

"ఏందన్నా గిది? ఇది మిద్దెనా, మార్కెట్టా? ఇక్కడ రేకుల షెడ్డు ఏస్తున్నం. బర్త్‌డేలకు, ఫంక్షన్లకు. ఒక్కరి ముచ్చట కోసం అందరి మిద్దె ఆపుతమా?"

"ఒక్కదాని ముచ్చటెట్లయితాదప్పా?" అంది అక్క, చేతిలో నీళ్ళ మగ్గుతో. "నేర్చుకోవాలని శానామంది అడుగుతాండారు."

"ఎవలు? చూపియ్యి. వచ్చే ఆయితారం పదకొండుకు మీటింగు. గంతల యాభై మంది వచ్చి ఈ తోట చూసిపోతే షెడ్డు ముచ్చట బంద్ పెడ్త. లేదంటే సోమవారం రేకులు దిగుతయ్."

అతను దిగిపోయాడు. అక్క మగ్గు కింద పెట్టి నా వైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు కనిపించేసరికి నాకు భయమేసింది. నా నోట్లోంచి అబద్ధాలు వచ్చేది సరిగ్గా అలాంటప్పుడే.

"అక్కా, ఫికర్ చెయ్యకు. నాకిది ఎడమచేతి పని. ఒక పేజీ పెడతాం. మెయిల్ అడ్రసు ఇచ్చినవాళ్ళకు ఆదివారం పొద్దున తోట చూపించి విత్తనాలిస్తాం, ఆ తర్వాత వారం వారం నీ ఉత్తరం. చుట్టుపక్కల నాలుగైదు కిలోమీటర్లకే ప్రకటన వేస్తాం. రేపటికల్లా పాస్."

సోమవారం ఆఫీసులో అక్క రాసిచ్చిన ప్రకటనను అలాగే పంపాను. అందులో మొదటి మాట: "మీకు షుగరుందా? మా కాకర చూడండి." అరగంటలో తిరస్కరించారు. మా టీంలో ఒక కాకినాడ అమ్మాయి ఉంది, నియమాలన్నీ ఆమెకు కంఠతా. నా వెనకనుంచి తొంగిచూసి నవ్వింది.

"చదివేవాళ్ళకి జబ్బుందని మనం అనకూడదండి. మీరే కదండీ మాకు మొదటి రోజు చెప్పారు?"

అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"షుగరుందా అని అడిగితే తప్పేముందప్పా? బస్సెక్కితే పక్క సీటామె పేరుకంటే ముందు అడిగేది అదే గదా!"

కాకరను తీసేశాం, షుగరును తీసేశాం. మంగళవారం మళ్ళీ పంపాం. ఈసారి పేజీ బాగాలేదన్నారు. తీసుకున్న మెయిల్ అడ్రసును ఏం చేస్తారో రాయలేదు, ఉత్తరాలు వద్దనుకున్నవాళ్ళు ఎలా మానుకోవాలో చెప్పలేదు. మొదటి సంగతి అక్క ఒక్క వాక్యంలో తేల్చేసింది: "మీ అడ్రసు ఎవరికీ ఇయ్యను, మా ఆయనకు కూడా చెప్పను." పదేళ్ళలో నేను చదివిన హామీల్లో అంత గట్టిది లేదు. రెండో సంగతి దగ్గర మాత్రం ఆమె మొండికేసింది.

"వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి అని రాయాల్నా? ఇంటికొచ్చినోళ్ళకు మజ్జిగన్నా ఇయ్యకముందే బయటికి దోవ ఇట్ల అని చూపించేది యాడన్నా ఉండాదా?"

"అక్కా, మజ్జిగ ముందిద్దాం, దోవ కింద చిన్నగా పెడదాం."

"చిన్నగా పెడితే కనపడదు గదప్పా, ముసలోళ్ళు తడుముకుంటారు. పెట్టేది ఎట్లయినా తప్పదు, పెద్దగానే పెట్టు" అంది. అదే అక్క.

బుధవారం వచ్చింది. పేజీ తయారైంది. చిరునామా ఉంది, హామీ ఉంది, దోవ ఉంది. దాన్ని చూసి అక్క ముచ్చటపడి, ఫొటోలు మార్చడం ఎలాగో చూపించమంటే చూపించాను. ఈ కథలో నేను చేసిన తప్పు అదొక్కటే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా హైటెక్ సిటీలో అమావాస్య మర్నాడు ఏ అద్దాల మేడ గేటు ముందు చూసినా పగిలిన గుమ్మడికాయ ఉంటుంది. లోపల ఎన్ని కంప్యూటర్లున్నా బయట దిష్టి తీయాల్సిందే. మా ఆఫీసులో సర్వర్ల గది తెరిచిన రోజున కూడా కొట్టాం, తివాచీకి అంటిన ఎర్ర మరక ఇప్పటికీ పోలేదు. కాబట్టి కొత్త పేజీ పెట్టాక అక్క ఏం చేసి ఉంటుందో నేను ఊహించి ఉండాల్సింది.

తన ఒకే ఒక్క గుమ్మడికాయను కోసింది. మధ్యలో చిన్న ముక్క కోసి తీసి, కుంకుమ నింపి, రూపాయి బిళ్ళ వేసి, పైన కర్పూరం వెలిగించింది. లాప్‌టాప్‌కు మూడు చుట్లు తిప్పి మిద్దె మెట్ల మీద కొట్టింది. ఆ చప్పుడుకు జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టు అయిపోయిందనుకుని జనం టిఫిన్ డబ్బాలు సర్దుకున్నారు. తర్వాత ముక్కలను ఫొటో తీసి పేజీ నెత్తిన పెట్టింది. దాని కింద ఇలా రాసింది: "ఈ పొద్దే పగలగొట్టినాము. ఇంక ఎవురి కన్నూ పడదు."

నాకేం తెలుసు? గురువారం పొద్దున పేజీ తెరిచి చూడకుండానే పంపేశాను. పది నిమిషాల్లో తిరస్కరణ వచ్చింది. హింస, రక్తపాతం, చూసేవారికి దిగ్భ్రాంతి. అప్పుడు తెరిచాను. మెట్ల మీద ఎర్రటి మడుగు, అందులో గుండ్రటిదేదో రెండుగా చీలి ఉంది. కాకినాడ అమ్మాయి "అయ్యబాబోయ్, ఎవరిదండీ?" అని కుర్చీ వెనక్కి తోసుకుంది.

ఫొటో తీసేసి మళ్ళీ పంపితే సరిపోయేదే. కానీ మూడుసార్లు తప్పినందుకు అక్క ఖాతాను మొత్తానికి ఆపేశారు. ఇక మిగిలింది ఒకటే, అర్జీ. దాన్ని యంత్రం కాదు, ఎవరో ఒక మనిషి చదువుతారంటారు. ఎక్కడ కూర్చుని, ఎప్పుడు చదువుతారో ఎవరికీ తెలియదు. ఆదివారానికి మధ్యలో రెండే రోజులున్నాయి.

ఇలాంటి అర్జీలు నేను వందలు రాశాను, అన్నీ ఒకే అచ్చు. కానీ ఆ రోజు ఆ అచ్చులోకి ఈ సంగతి ఒదగలేదు. మామూలుగా కూర్చుని ఉత్తరం రాసినట్టు రాశాను. "అయ్యా లేక అమ్మా, ఫొటోలో పోయినది ఒక కూరగాయ. ఎర్రగా ఉన్నది కుంకుమ. మా దగ్గర కొత్తది ఏది మొదలుపెట్టినా, దాని మీద పడే చెడు చూపు గుమ్మడికాయ మీద పడి పోవాలని ఇలా చేస్తాం. ఈ ఇల్లాలు తన మిద్దె మీద ఒక్కటంటే ఒక్కటి కాసిన కాయను తన పేజీ బాగుండాలని పగలగొట్టేసింది. ఆదివారానికి యాభై మంది రాకపోతే ఆ తోట ఉండదు. మీ నియమాలన్నీ పాటించాం. నేను పదేళ్ళుగా మీకు అర్జీలు రాస్తున్నాను, సగం అతిశయోక్తులు. ఇది కాదు."

శుక్రవారం జవాబు లేదు. అక్క ఫోన్ చేయలేదు. ఆమె ఫోన్ చేయకపోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది. సాయంత్రం మిద్దె మీదికెళ్తే, తొట్లలో ఏవేవి ఎవరికివ్వాలో చీటీలు అంటిస్తోంది. వంగ మీద మా ఇంటి నంబరుంది.

"మీ ఆవిడకు వంకాయంటే ఇష్టం గదా" అంది, నా వైపు చూడకుండా.

శనివారం మధ్యాహ్నం క్యాంటీన్లో పెరుగన్నం కలుపుతుంటే జవాబొచ్చింది. ఖాతా తెరిచారు, ప్రకటన పాసైంది. కింద ఆ మనిషి సొంతంగా రెండు ముక్కలు రాశాడు: మా అమ్మ కూడా ఇటువంటి తీగ పెంచేది, ఆ విత్తనాలు నాకూ నాలుగు పంపగలరా? నేను లేచి నిలబడ్డాను. క్యాంటీన్ మొత్తానికి చదివి వినిపించాను. కాకినాడ అమ్మాయి అక్కడికక్కడే ఫోన్ తీసి పేజీలో తన అడ్రసు ఇచ్చేసింది. "నేనొకదాన్నండి, ఇంక నలభై తొమ్మిది" అంది.

ఆదివారం తొమ్మిదింటికి ప్రెసిడెంటు వాచ్‌మన్ దగ్గరుండే విజిటర్ల పుస్తకం తీసుకుని మిద్దె తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. వచ్చినవాళ్ళను తనే లెక్కపెడతానన్నాడు. పదింటికి పుస్తకంలో ఏడుగురు. అక్క మాటిమాటికీ పిట్టగోడ మీంచి కిందికి చూస్తోంది. తర్వాత లిఫ్టు తలుపు తెరుచుకోవడం మొదలైంది. కూకట్‌పల్లి నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పసిపాపను ఎత్తుకున్న ఒక తండ్రి, సగం కాలనీ.

వచ్చినవాళ్ళకు తలుపు దగ్గర కనిపించేది ప్రెసిడెంటే. చేతిలో పుస్తకం, పెద్దమనిషి వాలకం. తోట ఆయనదే అనుకున్నారు. ఒకావిడ చేతులు జోడించి, "బీరకు పిందెలు రాలిపోతున్నాయండి, ఏం చేయమంటారు?" అని అడిగింది.

ప్రెసిడెంటు పుస్తకం మూశాడు.

"ఆడపువ్వుకు మొగపువ్వు అంటియ్యాలమ్మా, పొద్దుగాల. తేనెటీగలు ఇంత పైకి ఎక్కడొస్తయ్? మా ఖాజాగూడ చెరువు కింద మా నాయిన పెట్టిన బీర చూసుంటే నువ్వు ఇడిచిపెట్టి పోకపోదువు."

ఇక ఆయన ఆగలేదు. పుస్తకం నాకిచ్చి "జర పట్టుకోన్నా" అని లోపలికొచ్చాడు. వచ్చినవాళ్ళకు తొట్టి తొట్టీ చూపించాడు. ట్యాంకు దగ్గరికెళ్ళి, మిగిలిన గుమ్మడి తీగను చూసి అక్క మీద కేకలేశాడు.

"ఏందమ్మా గిట్ల కట్టినవ్? పందిరి ఏది? పందిరి లేక గింత పెద్ద తీగకు ఒక్కటే కాయ కాసింది. కండ్లు లేవా?"

"పందిరి ఏస్తే నువ్వే పీకేయిస్తావని ఎయ్యలేదప్పా" అంది అక్క.

మిద్దె మీదున్నవాళ్ళందరూ నవ్వారు. ప్రెసిడెంటు తల గోక్కున్నాడు. నా చేతిలోని పుస్తకంలో అప్పటికి అరవై దాటింది. నేనది ఆయనకు చూపించబోతే చేత్తో తోసేశాడు.

పదకొండు గంటల మీటింగు మిద్దె మీదే, పుదీనా పక్కన జరిగింది. షెడ్డు మాట ఎవరూ ఎత్తలేదు. "తూర్పు దిక్కు పందిరికి ఇనుప పైపులు కావాలె. రేకులకు మాట్లాడినోడే పెడ్తడు, రాసుకో" అన్నాడు ప్రెసిడెంటు. రాసుకున్నది నేనే. అక్క అందరికీ మజ్జిగ ఇచ్చింది. దోవ ఎటో ఎవరికీ చూపించలేదు.

ఇది రాయడం మొదలుపెట్టిన రోజు నుంచి నాకు మెట్రోలో సీటు దొరకడం లేదు. మూసాపేటలో నిలబడుతున్నాను, అమీర్‌పేటలో రైలు మారి మళ్ళీ నిలబడుతున్నాను. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు కాబట్టి నేనే ఒప్పుకుంటున్నాను. మెట్రో మెట్ల మీద పడిన నీడ, జీడిమెట్ల దాకా వినిపించిన చప్పుడు, యంత్రం మీద మొలిచిన నూగు, ఇవి అబద్ధాలని మీకెలాగూ తెలుసు, వాటిని లెక్కలో వేయను. నేను కల్పించింది ఒక్కటి. అర్జీకి జవాబు రాసిన మనిషి విత్తనాలు అడగలేదు. అతనెవరో, మనిషో కాదో కూడా నాకు తెలియదు. వచ్చింది ఒకే వాక్యం: మీ ప్రకటన ఆమోదించబడింది. క్యాంటీన్లో నిలబడి చదివేటప్పుడు అది మరీ చిన్నదిగా అనిపించి, మిగతాది అప్పటికప్పుడు కలిపేశాను. అక్కకూ అలాగే చదివి వినిపించాను, ఆమె నమ్మి నాలుగు విత్తనాలు చీటీలో పొట్లం కట్టి, అతనికి పంపమని నాకిచ్చింది. అవి నా టేబుల్ సొరుగులోనే ఉన్నాయి.