సీపీయూ వెనక చిన్నరసాలు

మామిడి సీజన్‌లో మా ఇంట్లో చోటంతా కాయలదే. మనుషులు మిగిలిన సందుల్లో సర్దుకోవాలి. మాది నూజివీడులో మామిడి వ్యాపారం మరి. మంచాల కింద కాయలు, మెట్ల మీద కాయలు, పూజగది గుమ్మం పక్కనా కాయలే. హాల్లో ఒక్క మూల మాత్రం నాది. అక్కడ నా కంప్యూటర్ ఉంటుంది. దాని జోలికొస్తే ఊరుకునేది లేదని కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పేశాను. మా ఆయన భయపడ్డారు. అత్తయ్య భయపడలేదు.

ఆ కంప్యూటర్‌లో నేను ఆడేది ఊళ్లు కట్టే ఆట. దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇల్లు, తోట, చెరువు, ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు. పిల్లలాట అంటారా, అనండి, నాకేం సిగ్గులేదు. నాతో ఇద్దరు ఆడతారు. ఒకాయన విశాఖపట్నంలో పళ్ల డాక్టరు. ఇంకో అమ్మాయిది కర్నూలు వైపు. బ్యాంకు వాళ్లు ఉద్యోగమిచ్చి తీసుకెళ్లి రాజస్థాన్‌లో ఎడారి పక్క ఊళ్లో పడేశారు. ముగ్గురం ఒకరినొకరం ఎదురుగా చూసుకున్నది లేదు. అయినా ఎవరింట్లో ఇవాళ ఏం కూరో మాకు తెలుసు.

మాకో ఆచారం ఉంది. ఎవరి పుట్టినరోజు వస్తే వాళ్లకి తెలియకుండా మిగతా ఇద్దరం ఆటలో ఒక చోటు కట్టిపెట్టాలి. ఆ సాయంత్రం వాళ్లని లోపలికి తీసుకెళ్లి చూపించాలి. ఈ మే నెలలో ఆ అమ్మాయి వంతు.

"నాకేం పుట్టినరోజక్కా! బ్యాంకుకెళ్తా, వస్తా, ఫ్యాను కింద పడుకుంటా. విషెస్ చెప్పేవాళ్లు కూడా ఉండరిక్కడ" అంది ఒకరోజు. నాకు ఒళ్లు మండింది. ఎలా ఉండరో నేనూ చూస్తాననుకున్నాను.

తనకోసం మామిడితోట కట్టాను. చెట్టుచెట్టుకీ పసుపు దిమ్మెలతో పళ్లు పెట్టాను. తోట చివరికి వెళ్లి చూస్తే డాక్టరుగారు సముద్రం తవ్వుతున్నారు.

"నూజివీడుకి సముద్రం ఏంటండీ?" అన్నాను.

"ఎడారిలో పిల్ల అక్కా! తోట చూపించి నీళ్లు చూపించకపోతే ఎలా?" అన్నారాయన.

మొత్తానికి ఊరు సిద్ధమైంది. చిక్కల్లా ఒక్కటే. ఆ ఊరంతా ఉన్నది నా కంప్యూటర్‌లో. అది ఆన్‌లో ఉంటేనే మిగతావాళ్లు లోపలికి రాగలరు. అది ఆగిందా, తోటా లేదు, సముద్రమూ లేదు.

ఆగింది. సరిగ్గా పుట్టినరోజు నాడే, మధ్యాహ్నం. ఆన్ చేసిన రెండు నిమిషాలకి టప్పున ఆరిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ ఆరింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. మా ఆయనకి ఫోన్ చేస్తే, "చాట్రాయి తోటలో కోత మీదున్నానే, లారీ ఎత్తాలి, ఇప్పుడా నీ ఆట?" అన్నారు. రిపేరు షాపతనికి చేస్తే వెనకాల సన్నాయి వినిపించింది. "మైలవరంలో పెళ్లిలో ఉన్నానండి. రేపు తీసుకురండి, చూద్దాం" అన్నాడు. రేపట! పుట్టినరోజు నా కోసం రేపటిదాకా ఆగుతుందా?

ఇక డాక్టరుగారే దిక్కనుకుని వీడియో కాల్ చేశాను. ఆయన క్లినిక్‌లో మాస్కు తీసి సంగతి విన్నారు.

"ప్లగ్గు తీసెయ్యండక్కా. పక్క రేకు విప్పండి. ముందు నోరు తెరిస్తే కదా ఏ పన్ను పాడైందో తెలిసేది!"

సీపీయూ డబ్బాని టేబుల్ కింద నుంచి ముందుకు లాగాను. దాని వెనకంతా గోనెపట్టా చుట్టి ఉంది. నేను చుట్టలేదు. పట్టా తీశాను. లోపల వెదురుబుట్ట, బుట్టనిండా వరిగడ్డి, గడ్డిలో బంగారంలా మిగలమగ్గిన చిన్నరసాలు. గుప్పుమని వాసన. రేకు విప్పితే డబ్బా లోపల కూడా గడ్డే. ఫ్యాను రెక్కల చుట్టూ మెలికలు పడి ఉంది.

"ఇది పిప్పిపన్ను కాదక్కా. పశువులకొట్టం!" అని డాక్టరుగారు పడీపడీ నవ్వారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అత్తయ్యా!" అని నేను పెట్టిన కేకకి వీధిలో వాళ్లు తొంగిచూశారు.

ఆవిడ వంటింట్లోంచి తాపీగా వచ్చారు. "దాని వెనక నుంచి వేడిగాలి కొడుతోంది కదే. వృథాగా పోతోందని కాయలు మగ్గబెట్టాను."

"మరి ఆ పట్టా ఎందుకు చుట్టారండీ?"

"గాలంతా బయటికి పోతే కాయ ఎలా మగ్గుతుందే? ఇన్నేళ్లు మామిడివాళ్లింట్లో ఉన్నావు, ఆమాత్రం తెలీదా?"

"ఇంటినిండా గడ్డే ఉంది కదా అత్తయ్యా, దీని వెనకే ఎందుకు?"

"గడ్డిలో వేస్తే ఇవాళ్టికి అందవే. ఇవాళ ఆ ఎడారి పిల్ల పుట్టినరోజని రోజూ చెవులకి ఆ డిప్పలు పెట్టుకుని అరుస్తున్నది నువ్వే కదా. ఆ పిల్ల రాలేదు, తినలేదు. కనీసం దాని పేరు చెప్పుకుని మనమన్నా తినొద్దూ?"

ఇంతకాలం నేను ఆడేదాన్ని 'ఆ గోల' అనే మనిషి ఆ గోలంతా విన్నదన్నమాట. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వే నెగ్గింది.

కనుబొమ్మలు పీకే ప్లక్కరుతో గడ్డి లాగాను. డాక్టరుగారు అటునుంచి "నెమ్మదిగా, చిగురు తగలనివ్వకండి" అంటూనే ఉన్నారు. అంతా తీసి ఆన్ చేస్తే ఫ్యాను మూలుగుతూ తిరిగింది. రెండు రెక్కలు విరిగిపోయాయి.

"గాలి చాలదక్కా, మళ్లీ ఆరిపోతుంది. రేకు తెరిచే ఉంచి టేబుల్ ఫ్యాను పెట్టండి."

టేబుల్ ఫ్యానులు రెండూ తోట షెడ్డుకి వెళ్లిపోయాయి. నేను తలపట్టుకున్నాను. అత్తయ్య లోపలికి వెళ్లి తాటాకు విసనకర్ర పట్టుకొచ్చారు. కొంగు బొడ్లో దోపి, పీట వేసుకుని డబ్బా ముందు కూర్చున్నారు.

"ఎంతసేపు విసరాలే?"

అలా మొదలైంది మా పుట్టినరోజు పండగ. ఏడింటికి ఆ అమ్మాయి ఆటలోకి వచ్చింది. తోట చూసి కెవ్వుమంది. చెట్టుచెట్టుకీ పరిగెత్తింది. "అక్కా, ఇన్ని పళ్లా! అన్నా, ఇదేంటి, సముద్రమా!" అంటూ బట్టలతో సహా నీళ్లలో దూకింది. మేం ఇద్దరం వెనకే దూకాం. డాక్టరుగారు పుట్టినరోజు పాట పాడారు. పళ్ల డాక్టరు పాడితే మన పళ్లు జివ్వుమనడం అదే మొదటిసారి. నవ్వి నవ్వి నాకు డొక్కలు నొప్పెట్టాయి. పక్కన విసనకర్ర ఆగకుండా ఊగుతూనే ఉంది.

"అక్కా, కెమెరాలో నీ పక్కన ఏదో ఊగుతోంది. ఏంటది?"

సంగతంతా చెప్పి కెమెరా అత్తయ్య వైపు తిప్పాను. ఆవిడ చెమట తుడుచుకుని ఒక పండు తీసి పైకెత్తి చూపించారు.

"నిండు నూరేళ్లు చల్లగా ఉండమ్మా! ఇదిగో, నీ పేరు మీద మగ్గబెట్టాను. అన్నం తిన్నావా?"

ఆ అమ్మాయి మొహం కెమెరాకి దగ్గరగా పెట్టింది. సన్నటి గొంతుతో అడిగింది.

"ఇక్కడ ఒకటే ఉడుకమ్మా... నాకూ ఒక్కసారి విసరవా?"

అత్తయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. డబ్బాని వదిలేసి, స్క్రీన్ ముందుకి వంగి, రెండు చేతులతో విసనకర్ర పట్టుకుని ఆ పిల్ల మొహానికి విసరడం మొదలుపెట్టారు. నేను "అత్తయ్యా, డబ్బాకి, డబ్బాకి" అంటూనే ఉన్నాను. టప్పున అంతా ఆరిపోయింది. తోట పోయింది, సముద్రం పోయింది, పిల్ల కూడా పోయింది.

అత్తయ్య మొహం పాలిపోయింది. "అయ్యో, పుట్టినరోజు పూట పాడుచేశానే!" అన్నారు.

అంతలో నా ఫోన్ మోగింది. ఆ అమ్మాయే. స్పీకర్ పెట్టాను. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు.

"అక్కా, అమ్మకి చెప్పు... గాలి తగిలింది."

అత్తయ్య కళ్లొత్తుకుని, విసనకర్రని ఫోన్ వైపు తిప్పారు.