నా బాప్తిస్మం నేను వాయిదా వేసిన సంగతి

మొన్న మా సంఘం స్త్రీల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక బొమ్మ పంపారు. పెద్ద గడియారం, దాని కింద ఎర్రటి అక్షరాల్లో వాయిదా వేయడం సైతాను పని అని ఒక హెచ్చరిక, ఆ కింద వరసగా జోడించిన చేతులూ ఆమెన్‌లూ. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా వంటింట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తూ అది చూసిన నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో అంత కోపం పనికిరాదని మా ఆయన అంటారు గానీ, ఆ మాట ఎక్కడ కనబడినా తొంభైలనాటి గొడవ మళ్ళీ మొదటినుంచి మొదలైనట్టుంటుంది నాకు. నా ఈడువాళ్ళు కొందరికైనా అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

నేను పుట్టు బద్ధకస్తురాలిని, అందులో దాపరికం లేదు. కరెంటు బిల్లు ఆఖరి రోజుదాకా కట్టను, పన్నునొప్పి ముదిరి చెంప వాస్తేగాని డాక్టరు దగ్గరికి పోను, ఫాల్ కుట్టిస్తానని మా అక్క దగ్గర తీసుకున్న పట్టుచీరని ఫ్యాషన్ మారిపోయేదాకా బీరువాలోనే భద్రంగా ఉంచిన ఘనత నాది. అక్క నన్ను పేరుపెట్టి పిలవడం మానేసి రేపమ్మా అని పిలిచేది. అందుకే, జీవితంలో నేను నిజంగా ఆలోచించి ఒక్కసారి ఇప్పుడు కాదు అన్నప్పుడు, ఇంటిల్లిపాదీ దాన్ని కూడా ఆ చీర లెక్కలోనే వేసేశారు.

తొంభైల మొదట్లో నేను నంద్యాల నుంచి బెంగళూరు వచ్చి, మడివాళలో అక్కాబావల ఇంట్లో ఉంటూ, ఒక ఎగుమతుల కంపెనీలో టైపిస్టుగా చేరాను. మార్కెట్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు మా తెలుగు మందిరం. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళూ, నర్సులూ, నాలాంటి గుమస్తాలూ ఆదివారం అక్కడ చేరేవాళ్ళం. షెడ్డు వెనక సిమెంటు తొట్టి ఒకటి ఉండేది. ఏడాది పొడుగునా దానిమీద చెక్కలు పరిచి కుర్చీలు పేర్చి ఉంచేవారు, ఈస్టరుకు ముందూ క్రిస్మస్‌కు ముందూ కడిగి నీళ్ళు నింపి బాప్తిస్మాలు ఇచ్చేవారు. తొట్టి నింపుతున్నారంటే అక్క నా తెల్లచీర ఇస్త్రీ చేయించేది, నేను వచ్చేసారి చూద్దాం అనేదాన్ని. మా పాస్టర్ గారు బెంగళూరులోనే పుట్టిపెరిగిన పెద్దాయన, తాతల కాలంలో అనంతపురం వైపునుంచి వచ్చిన కుటుంబం. ఆలస్యం చేసేవాళ్ళ గురించి వాక్యం చెప్పినప్పుడల్లా ఆయన చూపు తిరిగి తిరిగి నామీదే ఆగేది.

నా కారణం నాకుంది. మా తమ్ముడు ఇంటర్ చదువుతుండగా కామెర్లు ముదిరి మంచాన పడ్డాడు. ఊళ్ళో మా సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థన చేసింది, ఒక పెద్దమనిషి అయితే దేవుడు వాణ్ణి బాగుచేసేశాడని ఆరాధనలో నిలబడి ముందుగానే సాక్ష్యం చెప్పేశాడు. ఆ వారం తిరక్కుండానే వాడు పోయాడు. అదే పెద్దమనిషి మా ఇంటికొచ్చి, అంతా దేవుని చిత్తం, ఏడవకూడదు అని మా అమ్మకి చెప్పి వెళ్ళాడు. ఆనాటినుంచి దేవుడితో మాట్లాడటం నేను మానలేదు గానీ, మాట్లాడిందంతా పోట్లాటే. బాప్తిస్మం తీసుకోవాలంటే నలుగురి ముందూ నిలబడి దేవుడు నాకు చేసిన మేళ్ళు అని సాక్ష్యం మొదలుపెట్టాలి. మనుషుల దగ్గర నేను చాలా అబద్ధాలే ఆడాను, చీర ఫాల్ కుట్టడానికి ఇచ్చేశానని కూడా చెప్పాను, కానీ ఆ నీళ్ళలో నిలబడి ఆడదలచుకోలేదు.

అలా ఉండగా నాకు సంబంధం వచ్చింది. అబ్బాయి ఒక యంత్రాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ఒంగోలు వైపు విశ్వాసుల కుటుంబం. మనిషి నాకు నచ్చాడు, దాచుకోవలసిన వయసు దాటిపోయింది కనక చెబుతున్నాను, చాలా నచ్చాడు. పెళ్ళి మందిరంలో జరగాలంటే అమ్మాయి బాప్తిస్మం తీసుకుని ఉండాలని వాళ్ళమ్మ షరతు, సంఘం నియమమూ అదే. అదెంతసేపు అని అక్క నన్నడక్కుండానే మాటిచ్చేసింది. ఆదివారం బాప్తిస్మం, గురువారం పెళ్ళి, మావాళ్ళలో చాలామంది చేసేదే, ఎవరూ తప్పనుకోరు. నేను కుదరదన్నాను.

“ఒక్క మునకే కదే, ఐదు నిమిషాల పని. పెళ్ళయ్యాక దేవుడితో నీ ఇష్టమొచ్చినంత పోట్లాడుకో,” అంది అక్క.

ఐదు నిమిషాల పని అనుకుంటున్నారు కాబట్టే చెయ్యనన్నాను. బద్ధకానికి భక్తి రంగు పూస్తున్నానని అక్క తిట్టింది, క్యారియర్ కట్టి నా ముందు పెట్టేది గానీ మాట్లాడేది కాదు. సంబంధం తప్పిపోతుందని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను, బస్సులో కిటికీవైపు తిరిగి ఏడ్చాను కూడా, మాట మాత్రం మార్చుకోలేదు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ అబ్బాయి మా బావ అనుమతి అడిగి మందిరం గేటు దగ్గర నాతో మాట్లాడారు. మా తమ్ముడి సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తల వంచుకుని అంతా విన్నారు.

“నేను పన్నెండో ఏటే మునిగానండీ. అందరూ మునుగుతుంటే నేనూ మునిగాను, ఎందుకో ఇప్పటికీ తెలీదు. మీరు తెలుసుకునే దిగండి, నేను ఆగుతాను,” అన్నారు.

ఆగుతాననడం తేలిక. ఆ ఈస్టరు పోయింది, క్రిస్మస్ పోయింది, మళ్ళీ ఈస్టరూ పోయింది. వాళ్ళమ్మ వేరే సంబంధాలు చూసినప్పుడల్లా ఆయనకి సరిగ్గా ఓవర్‌టైమ్ పడేది. మా స్త్రీల కూడికలో నన్ను మధ్యలో కూర్చోబెట్టి, నాలోని వాయిదా దయ్యం వదిలిపోవాలని ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను మాత్రం ప్రార్థన అయ్యేదాకా కళ్ళు తెరుచుకునే కూర్చున్నాను.

చివరికి ఒక సాయంత్రం పాస్టర్ గారు ఒక్కరే ఇంటికొచ్చారు. మళ్ళీ ఎప్పుడు అని అడుగుతారనుకుని నేను మాట గట్టిగానే సిద్ధం చేసుకున్నాను.

“నీకేం అడ్డంగా ఉండాదమ్మా?” అన్నారాయన.

అన్నాళ్ళుగా నా వెంటపడిన సంఘంలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. అన్నీ చెప్పాను, ఆ ముందస్తు సాక్ష్యంతో సహా, గొంతు తగ్గించకుండా. అక్క తెచ్చిన కాఫీ ఆయన ముందు చల్లారిపోయింది.

“ఆ మాటే చెప్పు తల్లీ, నీళ్ళలో నిలబడుకోని. వేరే సాక్ష్యం ఎవురు అడిగినారు నిన్ను?” అన్నారు.

అప్పటికీ నేను వెంటనే దిగలేదు. ఆయన మాట నాకు సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి ఆ వర్షాకాలమంతా పట్టింది. డిసెంబరు చలిలో నడుముదాకా నీళ్ళలో నిలబడి, మా తమ్ముణ్ణి బతికించలేదని దేవుడిమీద నాకింకా కోపంగానే ఉందనీ, ఆ కోపం మోసుకుపోవడానికి ఆయన దగ్గర తప్ప వేరే చోటు కనబడలేదనీ చెప్పాను. ఒక సంఘ పెద్ద లేచి ఇది సాక్ష్యం ఎలా అవుతుందన్నాడు. పాస్టర్ గారు ఆయన్ని కూర్చోమని సైగ చేసి నన్ను ముంచారు. మా అత్తగారు కాబోయే ఆవిడ మంచీ చెడూ ఏమీ అనకుండా, జలుబు చేస్తుంది ముందు తల తుడుచుకో అంది. జనవరిలో ఆ షెడ్డులోనే మా పెళ్ళయింది.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ చోట పీజీ హాస్టలు లేచింది. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి పాస్టర్ గారూ పోయారు. బ్రూక్‌ఫీల్డ్ వచ్చాక మేం దగ్గర్లోని హూడిలో ఒక పెద్ద సంఘానికి వెళుతున్నాం. బాప్తిస్మాలు ఊరి బయట ఒక రిసార్టు స్విమ్మింగ్ పూల్లో, గోరువెచ్చటి నీళ్ళలో ఇస్తారు. సాక్ష్యాలకి టైం ఉండదు, ఫొటోలకి ఉంటుంది. పోయిన నెల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అమ్మాయి పెళ్ళికోసం బాప్తిస్మానికి వచ్చింది, వాళ్ళవాళ్ళెవరూ రాలేదని నన్ను తువ్వాలు పట్టుకుని పక్కన ఉండమన్నారు. ఆ పిల్ల మొహంలో ఇష్టం లేదు, నాకు బాగా తెలిసిన మొహమే అది. మనసు కుదరకపోతే ఈరోజు వద్దని చెప్పమన్నాను, నీ పక్కన నేను నిలబడతాను, నీళ్ళెక్కడికీ పోవు అన్నాను.

“పెళ్ళి హాల్ పోతుంది ఆంటీ. ఆ ఒక్క డేటే దొరికింది,” అని నవ్వి మెట్లు దిగింది.

నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. నాకోసం దాదాపు రెండేళ్ళు ఆగిన మనిషి అక్కడే గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆ పిల్లకోసం ఆగేవాడు లేడని నేననను, ఉండే ఉంటాడు, ఆగుతావా అని అతన్ని అడిగి చూసే వ్యవధే ఆ పిల్లకి ఎవరూ ఇవ్వలేదు.